సంచిలో మిగిలిన రాళ్ళు

మార్చి 1, శనివారం

మా నాయనకు అన్యాయం జరిగింది. చేసినవాడు కర్నూలు ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు. మనిషి ముఖం చూడకుండా మాట్లాడే రకం. పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాస్తాను.

నోటితో చెబితే అరుస్తున్నానని అంటున్నారు ఇంట్లో. అందుకే రాసుకుంటున్నాను.

నాయన కళ్ళు పచ్చబడి, కుడి డొక్కలో నొప్పితో మెలికలు తిరిగిపోతే ఊరి నుంచి కోడుమూరు మీదుగా కర్నూలు తీసుకుపోయాం. పిత్తాశయం సంచిలో రాళ్ళున్నాయన్నారు. వాటిలో ఒకటి జారి, పిత్తం పేగులోకి పోయే సన్నటి నాళంలో ఇరుక్కుందన్నారు. నోట్లోంచి గొట్టం పంపి దాన్ని లాగేశారు. పసుపు దిగింది. మంచిదే. ఆ పని చేసినవాళ్ళకు నేను దండం పెట్టాను కూడా.

ఈరోజు ఇంటికి పొమ్మన్నారు.

"మరి సంచిలో ఉండేవి సార్?" అని అడిగాను.

"అవుంటాయి. నాలుగు వారాలాగి రండి. అప్పుడు కోసి సంచి తీసేద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు, ఫోను చూసుకుంటూ.

"ఒకే రోగానికి రెండుసార్లు బల్ల ఎక్కించేదేంది సార్?"

"థియేటరు ఖాళీ లేదు. కిందికి పోయి పేరు రాయించుకోండి."

అంతే. రోగం ఒకటి, బేరాలు రెండు. నేనేమీ తెలియనివాణ్ణి కాదు. అవసరం లేని ఆపరేషన్ల మీద వచ్చిన చిన్న పుస్తకాలు నా దగ్గర సగం గోతం ఉన్నాయి. జిరాక్సు షాపులో పని చేసే కుర్రవాడికి ఏం తెలుసులే అనుకున్నట్టుంది. పేరు రాయించలేదు. నాయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను.

బస్సులో అమ్మ అడిగింది, "పేరు రాయించినావా ప్రసాదూ?"

"చూస్తాంలేమ్మా," అన్నాను.


మార్చి 2

నాయన ఉల్లిచేను దాకా నడిచి వచ్చాడు. బాగున్నాడు.


మార్చి 5, భస్మ బుధవారం

నుదుట బూడిదతో వచ్చాడు నాయన. నేటి నుంచి ఈస్టరు దాకా సాయంత్రం వరకు పచ్చి మంచినీళ్ళే. సాయంత్రం రవ్వంత జావ. నూనె లేదు, మాంసం లేదు. ఏటా చేసేదే. సంఘ పెద్ద కదా, ఆయన చేయకపోతే ఎవరు చేస్తారు.

"ఆసుపత్రి నుంచి వచ్చి వారం కాల్యా, ఈ ఏడు ఇడిసిపెట్టు ప్రసాదు నాయనా," అంది అమ్మ.

"ఆసుపత్రి నుంచి తెచ్చినోడు ఎవురు? ఆయనకు ఉపవాసముంటే నీకేం బాధ రత్నమణీ?"

నేను ఇంటరు నుంచి గుడికి పోవడం మానేశాను. ఈ మాటల మధ్యలోకి పోను.


మార్చి 9, ఆదివారం

గుళ్ళో మైకు మా వీధికి బాగా వినపడుతుంది. కూర్చుని ఒక పుస్తకం చదువుకుంటున్నాను. నాయన గొంతు.

"ప్రియులారా, మీకందరికీ ప్రభువు పేరట వందనాలు. నా కడుపులో రాళ్ళు పడిన సంగతి మీకు తెలుసు. డాక్టర్లు నా పొట్ట కోయాలన్నారు. ఆ బల్ల మింద పండుకొని నేను మొరపెట్టుకున్యా. ప్రభువు నా పొట్ట మింద చెయ్యి పెట్టినాడు. నా రాళ్ళన్నీ కరిగిపోయినాయి. ఇంగ ఈ దేహానికి కత్తి తగలదు. ఇదే నా సాక్ష్యం."

"స్తోత్రం!" అని గుడంతా.

పుస్తకం మూసేశాను. కరగలేదు నాయనా! ఒక రాయి మనుషులు లాగారు, మిగిలినవి సంచిలోనే ఉన్నాయి. ఇంటికి రాగానే చెబుదామనుకున్నాను. కానీ ఆయన వాకిట్లోకి వస్తుంటే వెనకాల పదిమంది, చేతులు పట్టుకుంటూ. నాయన ముఖం అలా వెలగడం నేను ఈమధ్య చూడలేదు.

మా చెల్లెలు నిస్సీ మాత్రం చాప మడుస్తూ నెమ్మదిగా అంది: "ఇంగ నాయన ఆపరేషనుకు పోడు. తెలుసా అన్నా?"

తెలుసు. మా సంఘంలో సాక్ష్యం అంటే ఒట్టు కంటే గట్టిది. చెప్పినవాడు చచ్చేదాకా ఆ మాట మీద నిలబడాలి. మా చిన్నతాత సారాయి మానేశానని సాక్ష్యం చెప్పి మళ్ళీ తాగాడట. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా ఆయన మనవళ్ళను ఇప్పటికీ "సాక్ష్యం మింగినోని మనవడు" అనే పిలుస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా.

"పోకుంటే పోనీలే. ఆ దొంగల దగ్గరికి పోయి ఏం చేస్తాడు," అన్నాను.

నిస్సీ నా వైపు చాలాసేపు చూసింది. "నువ్వూ నాయనా ఒక మాట మీద ఉండేది ఈ ఇంట్లో ఇదే మొదటిసారి. నాకు భయమైతాంది."

డిగ్రీ రెండో సంవత్సరం. మాటలు మాత్రం పెద్దపెద్దవి.


మార్చి 12

ఆలోచించాను. నాయన పోనంటున్నది ఆయన కారణంతో, నేను వద్దంటున్నది నా కారణంతో. ఫలితం ఒకటే కదా. దీన్ని బహిష్కరణ అంటారు. నాయనకు ఆ పదం తెలియదు, అంతే.


మార్చి 16, ఆదివారం

కోడుమూరులో ధనుంజయ ఇంటికి పోయాను. బడిలో ఒకే బెంచీ మాది. ఇప్పుడు వాడు వాళ్ళ నాయన మగ్గం మీద చీరలు నేస్తున్నాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, నేత ఆపకుండానే, నేను రాసుకుపోయింది చదవమన్నాడు. చదివాను:

"ఒక రోగం, రెండు కోతలు: ఎవరి లాభానికి? ప్రజలారా, మీ కడుపులను సంతగా మార్చినవాళ్ళను నిలదీయండి!"

"సంత బాగుండాది," అన్నాడు. "ఏమప్పా, ఒకటడుగుతా. మీ నాయన రాళ్ళను దేవుడు కరిగించినాడంట. మిగిలిన రాళ్ళను నీ కరపత్రం కరిగిస్తాదా?"

"ఎగతాళి చేయొద్దు రా."

"ఎగతాళి కాదప్పా, డాక్టరుకు ఇంగ పనేముండాదని అడుగుతాండా."

అయినా కాగితానికి సగం తనే పెట్టుకుంటానన్నాడు. మంచివాడు. నోరే ఒట్టి గయ్యాళి.

షాపు యజమాని పెద్ద ఈరన్న ఊళ్ళో లేనప్పుడు మిషను మీద కొట్టాను. పెద్ద డాక్టరు పేరు పెద్ద అక్షరాల్లో వేశాను.


మార్చి 23

కోడుమూరు బస్టాండులో పంచాం. ఒకావిడ, "ఏంది నాయనా, పాత చీరలకు కొత్త సామాన్లా?" అని అడిగింది. ఒకాయన చదవకుండానే పది తీసుకున్నాడు. పోయి చూస్తే బొరుగుల బండి ఆయన. మసాలా బొరుగులు పొట్లాలు కడుతున్నాడు. నేను మీద పడబోతే ధనుంజయ చొక్కా పట్టి లాగాడు. "పోనీలేప్పా, తిన్నాకన్నా చదువుతారు."

ఒక కట్ట కర్నూలు ఆసుపత్రి ముందర టీకొట్టులో కూడా పెట్టి వచ్చాం. అక్కడ చదువుతారు. చదవాలి.


మార్చి 29

ఆసుపత్రి నుంచి ఫోను. "పేషెంటు గాబ్రియేలు గారి ఇంటివాళ్ళేనా? నాలుగు వారాలైంది, సర్జరీకి ఎప్పుడొస్తారు?" ఎవరో ఆడమనిషి గొంతు. బేరం చల్లారకముందే పిలుస్తున్నారు! చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఆవిడ ఏదో అనబోయింది. పెట్టేశాను.

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అందులో.


ఏప్రిల్ 6

నాయన బాగున్నాడు. నొప్పి అన్నమాటే లేదు. "సూడు, నూనె వాసన ల్యా, నీసు ల్యా, దేహం దేవుని గుడి మాదిరి అయింది," అంటున్నాడు. నూనె తిననప్పుడు నొప్పి రాదని నిస్సీ ఫోనులో చూసి చెప్పింది. ఉపవాసం రోగాన్ని మాన్పడం లేదు, దాచిపెడుతోందట. నాయన నవ్వాడు. నేను కూడా నవ్వాను, ఎందుకో.


ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఈతమట్ట పట్టుకుని ఊరేగింపు ముందు నడిచాడు. చొక్కా వదులైంది. ఉపవాసం కదా.


ఏప్రిల్ 17

ఆసుపత్రి ముందర ధర్నాకు తేదీ పెట్టాలి. మే మొదటి వారమంటే ధనుంజయకు పెళ్ళిళ్ళ చీరల ఒత్తిడి. ఒక్కడే మిత్రుడు, వాడికీ తీరిక లేదు. ఈ దేశంలో మార్పు ఎలా వస్తుంది?


ఏప్రిల్ 20, ఈస్టరు

పొద్దు పొడవక ముందే గుడి గంటలు. మధ్యాహ్నం సంఘం విందు: పొట్టేలు మాంసం, అన్నం. నేను తినడానికి మాత్రం పోయాను, ఒప్పుకుంటాను. నాయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. "మీకు మంచిదేనా?" అని ఎవరో అడిగితే, "నా కడుపులో ఏముండాదని?" అని పళ్ళెం చూపించాడు. అందరూ నవ్వారు.


ఏప్రిల్ 21

నొప్పి. సోడా తాగాడు. ఎక్కువ తిన్నందుకు అన్నాడు. నిజమే, ఎక్కువ తిన్నాడు.


ఏప్రిల్ 22

చలిజ్వరం. బయట రాళ్ళు పగిలే ఎండ. లోపల రెండు దుప్పట్ల కింద నాయన పళ్ళు టకటకలాడుతున్నాయి. జ్వరం మాత్ర వేశాం. తగ్గింది.


ఏప్రిల్ 23

మళ్ళీ చలి. మాత్ర. తగ్గింది.

అమ్మ నన్ను దొడ్లోకి పిలిచింది. "ప్రసాదూ, మీ నాయన ఒంటికి పోతే ఎర్రగా పడతాంది."

"ఎండలు కదమ్మా, వేడి చేసుంటుంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మలేరియా అయుండొచ్చు. ఊళ్ళో దోమలు ఎక్కువే.

మలేరియానే.


ఏప్రిల్ 25, శుక్రవారం. కర్నూలు ఆసుపత్రి

నిన్నటిది రాయాలి. 

పొద్దున నిస్సీ నాయన ముఖం వెలుతురు వైపు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. "నాయనా, మళ్ళా పచ్చబడినాయి."

"యెవురికీ సెప్పొద్దు," అన్నాడు నాయన. మాట ముద్దగా వచ్చింది.

ఆ పిల్ల మా ఇద్దర్నీ అడగలేదు. ఆసుపత్రికి ఫోను చేసింది. జ్వరం, వణుకు, పచ్చకళ్ళు, డొక్కనొప్పి, అన్నీ చెప్పింది. నాళంలో రాయి అడ్డం పడి పైన చీము పట్టి ఉంటుంది, రేపటికి ఆగొద్దు, ఈరోజే నాళం ఖాళీ చేయాలి, వెంటనే బయలుదేరండి అన్నారట. ఆ తర్వాత కోడుమూరులో ఉండే మా గుడి పాస్టరు, జయకుమార్ అయ్యగారికి ఫోను చేసింది. ఆ తర్వాత ధనుంజయకు, వాళ్ళ మామ కారు తెమ్మని.

"ఆ ఆసుపత్రికి కాదు. కడపకు పోదాం," అన్నాను నేను.

నిస్సీ తిరిగింది. దాని గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. "కడప దావలో నాయనకేమన్నా అయితే నీ కరపత్రాల్లో చుట్టి పూడ్చిపెడదామా?"

అమ్మ "నిస్సీ!" అంది. నేను చెప్పులు వేసుకున్నాను. రెండూ ఒకే కాలివని వాకిలి దాటాక గాని తెలియలేదు.

కారు వచ్చింది. నాయన ఎక్కనన్నాడు.

"గంట కొట్టండి. సంఘాన్ని పిలవండి. నేను అబద్ధం సెప్పినా. అది నా నోటితో వెనక్కి తీసుకొని అప్పుడు వస్తా. లేకుంటే ఆ బల్ల మింద నేను పోతే అబద్ధం మిందనే పోతా."

"బతికొచ్చి చెప్పు నాయనా!" అని అరిచాను.

"బతుకుతానని రాసిస్తావా?"

నడిచాడు. ఆపలేకపోయాం. జ్వరంతో కాలుతున్న మనిషి వీధి వెంట గోడ పట్టుకుని గుడిదాకా నడిచాడు. నేనే గంట కొట్టాను. ఆ తాడును ఎన్నేళ్ళ తర్వాత పట్టుకున్నానో.

ఎవరూ రాలేదు. ఊరంతా ఉపాధి పనికి చెరువు కట్టకు పోయింది. ముగ్గురు ముసలమ్మలు వచ్చారు, వాళ్ళ వెనక ఒక మేక. చెవులు వినపడని దీనమ్మ అవ్వ చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని అరిచింది:

"ఏమప్పా గాబ్రియేలూ, యాళకాని యాళ గంట? ఎవురు పోయినారు?"

"ఇంగా ఎవురూ పోల్యాక్కా," అన్నాడు నాయన మెట్టు మీద కూర్చుంటూ.

కూర్చున్నాడు. కాచుకున్నాం. ధనుంజయ కారు ఇంజను ఆపలేదు. చెరువు కట్టకు ఒక పిల్లవాణ్ణి సైకిలు మీద పంపాం. ఎండ గుడి గోడ మీదకు ఎక్కుతోంది. నాయన వణుకు మళ్ళీ మొదలైంది. నన్ను చూసి "సామేలూ, ఎద్దులకు నీళ్ళు పెట్టినావా?" అన్నాడు. సామేలు ఆయన తమ్ముడు. నేను పుట్టకముందే చనిపోయాడు.

అప్పుడు నాకు భయమేసింది. ఇంతవరకు కోపమే అనుకున్నాను, నాలో ఉన్నది.

అయ్యగారు స్కూటరు దిగకముందే నేను ఎదురుపోయాను. "మీరు చెప్పండయ్యగారూ, మీ మాటైతే వింటాడు. ఈ సాక్ష్యాలు, ఈ గంటలు..." ఇంకా చాలా అన్నాను. ఆయన నా భుజం పక్కకు జరిపి, పోయి నాయన పక్కన అదే మెట్టు మీద కూర్చున్నాడు.

"గాబ్రియేలు గారూ, నేనుండా గదా. నాకు సెప్పండి. దేవుడు వింటాడు."

"దేవునికి ముందే తెలుసయ్యా. తెలియంది మనుషులకే. నేను సెప్పింది విని బలిజపల్లె సీమోను బిడ్డ కూడా మాత్రలు మానేసిందంట. వాళ్ళకు సెప్పాల."

ఈ సంగతి నాకు తెలియదు. అమ్మకూ తెలియదు. ఇన్నాళ్ళూ మోస్తున్నాడన్నమాట.

అయ్యగారు నాయన చేయి పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఆదివారం ఆరాధనలో అందరూ ఉంటారు. మీ బదులు మీ కొడుకు సెప్తాడు. పెద్దోడు సెప్పలేనప్పుడు కొడుకు నోటితో సెప్పిన సాక్ష్యం మన సంఘంలో చెల్తాది. మీ నాయన బదులు మీరు సెప్పల్యా ఒకసారి?"

నాయన నన్ను చూశాడు. ఈసారి నన్నే చూశాడు, సామేలును కాదు.

"వీడు గుడికి రాడు గదయ్యా."

అందరూ నా వైపే. ధనుంజయ కూడా.

"వస్తా నాయనా. చెప్తా. లెయ్."

"అంతా సెప్తావా? రవ్వంత దాసిపెట్టకుండా?"

"చెప్తా. లెయ్ నాయనా."

చేయి ఇచ్చాడు. కాలుతోంది. ముసలమ్మలు కారు తలుపు దాకా వచ్చారు. దీనమ్మ అవ్వకు ఇంకా ఏమీ అర్థం కాలేదు, "పెండ్లి యాడ?" అని అడుగుతోంది.

కర్నూలు చేరాం. నేరుగా లోపలికి తీసుకుపోయారు. ముందు సూది మందులు, తర్వాత మళ్ళీ ఆ నోట్లో గొట్టమే. నేను బహిష్కరించిన గది బయట నేలమీద కూర్చుని, ఆ తలుపు తెరవమని ఎవరినో అడుక్కుంటున్నాను. ఎవరినో తెలియదు.

సాయంత్రానికి తలుపు తెరిచారు. రాయి వచ్చింది. చీము వచ్చింది. నాళం ఖాళీ అయింది.

ఈ పొద్దున జ్వరం దిగింది. "ఎద్దులు" అనడం లేదు. "కాఫీ ఈరా?" అంటున్నాడు.


అదే రోజు, మధ్యాహ్నం

గొట్టం వేసింది శివలీల అనే డాక్టరు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వరండాలో నన్ను ఆపింది. చేతిలో నా కరపత్రం. టీ మరక ఉంది దాని మీద.

"ఇది రాసింది నువ్వేనా?"

"అవును. పోలీసుల్ని పిలుస్తారా?"

"తప్పులు దిద్దుతా. కూర్చో."

కూర్చోలేదు. నిలబడే విన్నాను.

"రెండుసార్లు చేస్తారని తిట్టినావు. రెండూ కావాల. నాళంలో రాయి తీసేది వేరే, రాళ్ళు పుట్టే సంచిని తీసేది వేరే. నువ్వు తిట్టాల్సింది రెండు చేసినందుకు కాదు. రెంటి మధ్యన మీ నాయన్ను ఇంటికి పంపినందుకు. సంచి అట్లే పెట్టుకొని పోతే ఇంకో రాయి జారదా? మనిషి తట్టుకునేట్లుంటే అదే దఫాలో, ఇంటికి పంపకుండా తీసేయాల. ఆలస్యమయ్యే కొద్దీ ఇట్లే తిరిగొస్తారు."

"మరి ఎందుకు పంపినారు?"

"థియేటరు ఖాళీ లేదని. అది మా తప్పు."

 ఒక్కరైనా ఆ మాట అన్నారు. "మేడమ్, ఈ మాట కాగితం మీద రాసిస్తారా?"

"రాసియ్యను. నాకు ఉద్యోగముండాది. నువ్వు రాయి, రాసేవానివి కదా. ఈసారి సరిగ్గా రాయి." కరపత్రం నా చేతిలో పెట్టింది. "ఇంకొకటి. మేము ఫోను కూడా చేసినాం, నాలుగు వారాలకు. ఎవరో నన్ను నానా మాటలని పెట్టేసినారు. వాళ్ళెవరో నీకు తెలుసా?"

కిటికీలోంచి చూస్తే కింద టీకొట్టు కనిపిస్తోంది.

"తెలుసు," అన్నాను.

ఆవిడ సోమవారం సంచి తీసేస్తామని, ఈసారి అది తీయకుండా ఇంటికి పంపేది లేదని, థియేటరు తనే మాట్లాడి పెట్టానని చెప్పి పోయింది.

పెద్ద డాక్టరు కూడా వచ్చాడు, వెనక నలుగురితో. కేసు షీటు చూశాడు. నా వైపు గాని నాయన వైపు గాని చూడలేదు. అతని మీద నాకు కోపం పోలేదు. పోదు. కాని ఈ రెండు రోజులుగా ఆ కోపం ఒక్కచోట నిలవడం లేదు. అతని దగ్గరికి పోయి, అక్కడ నుంచి నా దగ్గరికే వస్తోంది.


ఏప్రిల్ 26, శనివారం

నాయన సంతకం పెట్టనంటున్నాడు.

"ఆదివారం నువ్వు సెప్పు. విన్నోళ్ళు ఆమేన్ అన్నారని మీ అమ్మ ఫోను చేయాల. అప్పుడు పెడతా సంతకం."

"నాయనా, సంతకం ఈరోజే కావాలంట. లేదంటే సోమవారం ఇంకెవరికో ఇచ్చేస్తారంట థియేటరు."

"ఇయ్యనీ."

నిస్సీ డాక్టరు దగ్గరికి పోయి ఆదివారం మధ్యాహ్నం దాకా గడువు అడిగింది. ఇచ్చారు. ఆ తర్వాత మాత్రం కాదన్నారు. ఇంకోసారి వాయిదా పడితే సంచిలో ఉన్నవి ఎవరి సాక్ష్యం కోసమూ ఆగవు.

ఉపాధి పనిలో వాళ్ళు, ఆదివారం కూడా చేలకు పోయేవాళ్ళు, ఈస్టరు అయిపోయింది కదా అని గుడి ఎగ్గొట్టేవాళ్ళు, అందరినీ కూడగట్టాలి. కిందటిసారి విన్నవాళ్ళందరూ రావాలంటాడు నాయన. ఒక్కరు తక్కువైనా అడుగుతాడు. నాకు తెలుసు, పేరు పేరునా అడుగుతాడు.

ఏం చెప్పాలో నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లు చించాను. మొదటిదాంట్లో మూఢనమ్మకాల మీద ఒక పేజీ. రెండోదాంట్లో ఆసుపత్రుల మీద ఒక పేజీ. నిస్సీ చదివి, "దీంట్లో నాయన యాడుండాడు?" అంది. మూడోదాంట్లో నేను చాలా మంచివాణ్ణి. నాలుగోది చదవనీయలేదు.

నాయన మంచం మీద నుంచి, కళ్ళు మూసుకునే అన్నాడు, "దేవుడు సెయ్యి పెట్టల్యా అని మాత్రం సెప్పొద్దు రా."

"మరేం చెప్పాల?"

"పెట్టినాడు. డాక్టరమ్మ సేతిలో పెట్టినాడు. నేను తొందరపడి నా ఇష్టమొచ్చిన సోట పెట్టించినా. అదే సెప్పు."

 వాదించడానికి నా దగ్గర ఏ చిన్న పుస్తకమూ లేదు ఈ మాటకు.

ధనుంజయ కింద కారులో కాచుకున్నాడు. వాడు మా గుడికి ఎప్పుడూ రాలేదు, రేపు వస్తానంటున్నాడు. "నువ్వు మైకు పట్టుకొని తిట్టకుండా మాట్లాడేది సూడాల గదప్పా." ఈ సాయంత్రం ఊళ్ళో దిగగానే ఇంటింటికీ తిరగాలి. అందరికీ ఒకే మాట చెప్పాలని ఇక్కడ రాసుకుంటున్నాను. ఈసారి కొట్టివేతలు లేవు.

గుడికి వచ్చేవాళ్ళకు, రానివాళ్ళకు, నాలాగా మానేసినవాళ్ళకు:

మా నాయన గాబ్రియేలు మార్చి నెలలో మీ ముందర చెప్పిన సాక్ష్యంలో ఒక మాట తప్పు. రాళ్ళు కరగలేదు. ఆ మాట నమ్మి ఆయన ఆగాడు, ఆగమని నేను తోడు నిలిచాను. ఆసుపత్రివాళ్ళు పిలిస్తే వాళ్ళ నోరు మూయించింది నేనే. ఆ మాట విని మీలో ఎవరైనా మందులు మానేసి ఉంటే, నొప్పి దాచుకుని ఉంటే, పచ్చకళ్ళూ చలిజ్వరమూ కలిసి వచ్చినా మాత్రతో సరిపెట్టుకుని ఉంటే, మీరు తప్పకుండా రావాలి. సీమోను గారి ఇంటివాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి.

మీరు విని ఆమేన్ అంటే ఆయన సంతకం పెడతాడు. పెడితే సోమవారం ఆపరేషను. మీరు రాకపోతే పెట్టడు. ఆయన సంగతి మీకు తెలుసు.

చేనుంటే ఒక పూట ఆగుతుంది. చుట్టాలొస్తే వాళ్ళనూ తీసుకురండి. నడవలేనివాళ్ళకు కారు వస్తుంది.

రేపు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలకు, మన గుళ్ళో. ఎప్పటిలాగా తొమ్మిదికి కాదు. ఎనిమిదికి.